ఊరుమ్మడి తోట

పిల్లలూ! మీ ఊళ్ళో బడి వెనకనో, చెరువుకట్ట పక్కనో ఎవరూ వాడని జాగా ఒకటి ఉండే ఉంటుంది. మాచర్ల, గురజాల, నరసరావుపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా సరే, అటువంటి చోటికి వెళ్ళి చూడండి. చెత్తకుప్ప, పెంకు ముక్కలు, వాటి మధ్య సర్కారు తుమ్మ. పేరులో సర్కారు ఉన్నా ఈ చెట్టు మన దేశపుది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. ఎవరూ నీళ్ళు పొయ్యకపోయినా పెరుగుతుంది. దానికి బదులు అక్కడ మునగ, జామ, కరివేప ఉంటే ఊరందరికీ పనికివస్తాయి గదా! మరి ఎవరూ ఎందుకు నాటరు?

నాటితే నీళ్ళెవరు పోస్తారు? మేకలు తినకుండా ఎవరు చూస్తారు? రేపు ఎవరో వచ్చి, "ఈ జాగా నాది, తియ్యండి" అంటే? ఈ మూడింటికీ ఒక్క మనిషి జవాబు చెప్పలేడు. పల్లెలో పంచాయతీ, పట్నంలో పురపాలక సంఘం చెప్పగలవు.

మాచర్లకు దగ్గరలోనే నాగార్జునసాగర్ ఆనకట్ట ఉన్నది. అక్కడ కృష్ణకు ఈ ఒడ్డు పల్నాడు, ఆ ఒడ్డు తెలంగాణలోని నల్లగొండ జిల్లా. ఆ రాష్ట్రం 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీ మొక్కల నర్సరీ పెట్టాలి. నాటినవాటిలో నూటికి 85 బతికించాలి. 2020 నుంచి పల్లెల్లోని ఖాళీ ప్రభుత్వ భూముల్లో "పల్లె ప్రకృతి వనాలు" వేశారు. నీళ్ళు తోలడానికి పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్యాంకర్లు సమకూర్చారు. ఇవి చాలామటుకు చెట్ల తోటలే. ఒక మూల వంగ, బెండ మళ్ళు కూడా ఉంటే ఇంకా బాగుండునని నాకనిపిస్తుంది.

ఆ 85 అనే అంకె చూశారా? చట్టంలో నాకు నచ్చిన మాట అదే. మొక్క నాటడం ఒక పూట పని. బతికించడం మాత్రం వేసవి పొడుగునా పని. అందులోనూ మనది పల్నాడు. ప్రతి వేసవిలోనూ ఎండలతో పేపర్లకెక్కే రెంటచింతల మన జిల్లాలోదే!

ఇంగ్లండులో 1908 నాటి చట్టం ఒకటి ఉన్నది. ఊళ్ళో ఆరుగురు ఓటర్లు కలిసి, కూరగాయలు పండించుకోవడానికి జాగా కావాలని కాగితం రాసిస్తే, అక్కడి స్థానిక సంఘం ఆ సంగతి ఆలోచించి తీరాలి. వాడుకలో ఒక్కొక్కరి మడి సుమారు ఆరు సెంట్లు.

మీకు ఓటు లేదు; అమ్మకూ నాన్నకూ ఉన్నది. గ్రామసభ ఎప్పుడో వాళ్ళను కనుక్కోమనండి. జాగా ఎవరిదో ముందు రెవెన్యూ వారి దగ్గర తెలుసుకోవాలి. తరువాత అర్జీలో జాగాతోబాటు నీళ్ళు, కంచె కూడా అడగాలి. అనుమతి కాగితం మీద ఉండాలి, నోటిమాటగా కాదు.

ఈలోగా మీ పెరట్లో ఒక పరీక్ష చెయ్యండి. పూత పూయని మట్టికుండను మొక్క పక్కన మెడదాకా పాతి, నీళ్ళు నింపండి. కుండ గోడలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. చుట్టూ మన్ను ఎండితే ఆ రంధ్రాలగుండా నీటిని లాక్కుంటుంది. తడిగా ఉంటే నీరు చాలావరకు కుండలోనే ఉండిపోతుంది. ట్యాంకరు రాని రోజున కూడా మొక్క ఎండిపోదన్నమాట. కుండమీద మూత పెట్టడం మరవకండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.