ఈనెపుల్లల గోపురము

చెరకుతోటల నడుమనున్న చోడవరము మన సోదరీమణులలో పెక్కురకు బెల్లము మూలముననే పరిచయము. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిదైన యీ యూరు 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. గత వేసవిలో అచ్చట మా చుట్టముల యింటి వసారాలో ఎనమండుగురు పిల్లలు అల్లరి చేయుచుండగా మేమొక పందెము పెట్టితిమి. జట్టునకు నలుగురు. జానెడేసి ఈనెపుల్లలు 20, గజము దారము, ఒక చిన్న బెల్లపుముక్క. 18 నిమిషములలో, బెల్లము కొనయందు నిలుచునట్లు, ఎత్తైన గోపురము కట్టవలెను.

ఈ పందెము మా స్వకల్పితము గాదు. పీటర్ స్కిల్మన్ అను రూపశిల్పి కల్పింపగా, టామ్ వుజెక్ 2010లో దానిని గూర్చి యుపన్యసించెను. అచ్చట ఈనెలకు బదులు స్పఘెట్టి, బెల్లమునకు బదులు మెత్తని మిఠాయి. వ్యాపారశాస్త్ర పట్టభద్రులకంటె శిశుతరగతి పిల్లలే ఎత్తుగా కట్టుచుండిరట! పెద్దలు పెత్తనమునకై పెనుగులాడి, తుదిక్షణమున మిఠాయి నుంచగా కట్టడము కూలును. పిల్లలన్ననో మొదటినుండియు దానిని పెట్టి చూచుచు, కూలినపుడెల్ల సవరించుకొందురు.

మా రెండవ జట్టువారు బెల్లమును ముందే తినివేసిరి. వారి మాట విడుతము. మొదటి జట్టులో పెద్దపిల్లవాడు పుల్లలన్నియు తానే పట్టుకొని చదరముగా కట్టసాగెను. తొమ్మిదేండ్ల చెల్లెలు "అన్నయ్యా, మూడు కాళ్లు పెడదాం" అని ముమ్మారు చెప్పెను. "నువ్వూరుకోవే, దారం పట్టుకో" అనెనతడు. గోపురము ఒరిగి కూలినది.

అతనిని కోపింపబోయి మేమాగితిమి. కత్తెర మగపిల్లల చేతికిని, దారము ఆడపిల్లల చేతికిని ఇచ్చినది మేమే గదా!

మరల ఆడించితిమి. ఈసారి ఒక్కొక్కరు వంతుచొప్పున పుల్ల నిలుపవలెనని నియమము. చదరము పక్కకు వాలును. ముక్కోణముగా కట్టినచో పుల్ల విరిగిననే గాని ఆకృతి మారదు. ఆ పిల్లకీ సూత్రము తెలియదు గాని, చేతికి తెలిసినది. గోపురము మూరెడు లేచి, బెల్లమును మోసినది. అన్నగారు పడిపోకుండ ఊపిరి బిగబట్టి చూచుచుండెను.

నీతి ఆయోగువారు 2016లో నారంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు 6 మొదలు 12వ తరగతి వరకు గల విద్యార్థులకు ఇట్టి పనులకై యేర్పడినవి. పాఠశాలకు 20 లక్షల రూపాయలవరకు సహాయము నొసగిరి. మీ బిడ్డ చదువు బడిలో అట్టిది కలదేని, దాని తలుపు తెరచుచున్నారా, ఆడపిల్లలచేతికి పనిముట్టు అందుచున్నదా, లేక వారు వ్రాతపనికే నియమితులా యని ఒకమారు పోయి చూడుడు.

చీపురుకట్ట సగమైనదని మా వదినెగారు మాత్రము ఇంకను సణుగుచునే యున్నారు.