ట్రాన్సిస్టర్ పక్క దాకా వెళ్ళిన ప్రొఫెసర్

మొన్న అప్రైజల్‌లో మా మేనేజర్ "ఈ రిలీజ్‌లో నీ పేరు మీద ఏముంది?" అనడిగాడు. ఏమీ లేదు. ఆర్నెల్లు నేను చేసింది పాత డేటా శుభ్రం చేయడం. దాని మీద ఫీచర్ కట్టినవాళ్ళకి మంచి రేటింగ్ వచ్చింది. ఇంటికొచ్చి కోపంగా కూర్చుంటే కార్ల్ లార్క్-హోరోవిట్జ్ గుర్తొచ్చాడు.

ఎవరాయన అంటారా? మా ఇంజనీరింగ్ పుస్తకాల్లోనూ ఆ పేరు లేదు లెండి. 1892లో వియన్నాలో పుట్టి, అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగాన్ని ఏళ్ళ తరబడి నడిపాడు. 1930ల్లో అక్కడ సైక్లోట్రాన్ కూడా కట్టించాడు. యుద్ధ సమయంలో రాడార్లకి మంచి డయోడ్లు కావాల్సొచ్చాయి. మిగతావాళ్ళు ఎక్కువగా సిలికాన్ పట్టుకుంటే, ఆయన జట్టు జెర్మేనియం పట్టుకుంది. దాన్ని శుద్ధి చేయడం, కొలిచి మలినం కలపడం, మళ్ళీ కొలవడం... ఇదే పని. ఎదురు వోల్టేజిని బాగా తట్టుకునే జెర్మేనియం అలా తయారైంది.

1947 డిసెంబర్లో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటన్ ట్రాన్సిస్టర్ చేసింది ఆ రకం జెర్మేనియం మీదే. అసలు తమాషా ఏంటంటే, పర్డ్యూలో రాల్ఫ్ బ్రే అప్పటికే ఒక వింత చూశాడు. సూదిమొన ద్వారా బలమైన పల్స్ పంపితే నిరోధం లెక్కకన్నా బాగా తగ్గిపోతోంది. 1948 మొదట్లో ఒక సమావేశంలో ఆయన బ్రాటన్‌తోనే, పక్కన ఇంకో మొన పెట్టి చూస్తే తెలుస్తుందేమో అన్నాడు. బ్రాటన్ అవును, మంచి ప్రయోగమే అని మెల్లగా తప్పుకున్నాడు. అప్పటికింకా అది రహస్యం మరి! 1956లో నోబెల్ బెల్ ల్యాబ్స్‌కి పోయింది.

నాకైతే ఇందులో అన్యాయం ఒక్కటే కనబడట్లేదు. బెల్ వాళ్ళకి యాంప్లిఫయర్ కావాలి. పర్డ్యూ వాళ్ళు "ఎందుకిలా?" అని అడిగారు, "దీంతో ఏం చేయొచ్చు?" అని అడగలేదు. ఆ తప్పు నాక్కూడా ఉంది. నేను శుభ్రం చేసిన డేటాతో ఏం కట్టొచ్చో ఒక్క మీటింగులోనూ నోరు విప్పలేదు.

కానీ లార్క్-హోరోవిట్జ్ అలిగి కూర్చోలేదు. సైక్లోట్రాన్ నుంచి డ్యూటెరాన్లని జెర్మేనియం మీదకి కొట్టించి, ఎన్-టైప్ పీ-టైప్‌గా మారడం చూపించాడు. రియాక్టర్ న్యూట్రాన్లతో పదార్థం లోపలే మలినం పుట్టించే పద్ధతికి దారి వేశాడు. తర్వాత అది పవర్ డివైజుల సిలికాన్‌కి పనికొచ్చింది. ఇవాళ చిప్ ఫ్యాక్టరీల్లో బోరాన్, ఫాస్ఫరస్ అయాన్లని సిలికాన్‌లోకి దూర్చేవి కూడా చిన్నసైజు యాక్సిలరేటర్లే. 1958లో పోయేదాకా ఆయన అదే విభాగంలో ఉన్నాడు.

పునాది తీసినవాడికి గృహప్రవేశంలో పీట వేయరు, నిజమే. కానీ పీట వేయాల్సిన బాధ్యత ఇంటివాళ్ళకి లేదా? రేటింగ్ ఫారంలో "ఎవరి పని మీద ఇది కట్టారు?" అని ఒక్క గడి పెడితే ఏం పోయింది? వచ్చే మీటింగులో నేనే అడుగుతా. మీ ఆఫీసుల్లో మీరూ అడిగి చూడండి.