షుగరు చూస్తున్నారు, భుజం చూడరేం?

విసురు వల వేసే మనిషిని కాస్త దగ్గరగా నిలబడి చూడాలి. తాడు కొసను మణికట్టుకు బిగించుకుంటాడు. వలలో కొంత మోచేతి మీద వేసుకుని, మిగతాది రెండో చేతిలోకి తీసుకుంటాడు. నడుం తిప్పి, చేయి వెనక్కి లాగి, ఒక్క ఊపుతో వదులుతాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీటి మీద పడాలంటే భుజం పైకీ, వెనక్కీ, బయటి వైపుకీ అడ్డు లేకుండా తిరగాలి. అందులో ఏ ఒక్కటి తగ్గినా వల ముద్దగా పడుతుంది. చేపలు పక్కనుంచి జారుకుంటాయి.

పులికాట్ సరస్సు ఒడ్డు ఊళ్లలో నలభై దాటిన వాళ్ల నోట "రెక్క పట్టేసిందన్నా, పైకి లేవడం లేదు" అనే మాట తరచూ వింటుంటాను. ఎందుకొచ్చిందంటే వల అంటారు, గెడ అంటారు, వాతం అంటారు, రాత్రి మంచులో పడుకున్నానంటారు. ఆడవాళ్లయితే బిందెల మోత అంటారు. షుగరుందా అని అడిగితే, "ఉంది, దానికీ దీనికీ ఏం సంబంధం?" అని ఎదురడుగుతారు. చాలా సంబంధం ఉంది. మాత్రలిచ్చి పంపే చోట ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పకపోవడమే నా బాధ.

డాక్టర్లు దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. 1934లో అమెరికన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్ పెట్టిన పేరది. భుజం కీలు చుట్టూ ఒక సంచి ఉంటుంది. అది వదులుగా ఉండబట్టే చేయి అన్ని వైపులా తిరుగుతుంది. ఆ సంచి వాచి, మందమై, ముడుచుకుపోతే చేయి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. జనం మొత్తం మీద నూటికి 2 నుంచి 5 మందికి ఈ జబ్బు వస్తుందని అంచనా. షుగరున్న వాళ్లలోనైతే 10 నుంచి 20 మందికి వస్తుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర ఏళ్ల తరబడి కొలాజెన్ పోగులకు అంటుకుని, వాటిని ఒకదానితో ఒకటి బిగించి, తడిసి ఎండిన తాడులా బిరుసెక్కిస్తుంది. భుజం సంచి ముడుచుకోవడానికి ఇదొక ముఖ్య కారణమని వైద్యులు భావిస్తున్నారు. నమస్కారం పెడితే అరచేతులు పూర్తిగా ఆనకపోవడం, మడిచిన వేలు ఇరుక్కుపోయి టక్కున తెరుచుకోవడం కూడా షుగరున్న వాళ్లలో ఎక్కువగా కనిపించేవే.

ఫ్రోజెన్ షోల్డర్‌లో మొదట నొప్పి. ముఖ్యంగా రాత్రిళ్లు. ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. కొన్ని నెలలకు నొప్పి తగ్గి బిగుతు మిగులుతుంది. ఆ తర్వాత మెల్లమెల్లగా వదులవుతుంది. ఇదంతా జరగడానికి ఏడాది నుంచి మూడేళ్లు. షుగరున్న వాళ్లలో ఇంకా మొండికేస్తుంది, కొందరిలో రెండో భుజానికీ వస్తుంది. దానంతటదే పోతుందిలే అనే ఓదార్పు సగమే నిజం. కొందరికి కొంత బిగుతు ఎప్పటికీ ఉండిపోతుంది.

మూడేళ్లంటే పులికాట్ జాలరికి ఏమిటో ఆలోచించాలి. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. అయినా చాలాచోట్ల నడుం లోతు నీళ్లు కూడా ఉండవు. సముద్రంతో కలిపే రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాల్లో ఇసుక మేట వేస్తోంది. ఎండాకాలం వచ్చిందంటే ఉత్తరం వైపు నేల బయటపడుతుంది. వేట దొరికేదే కొన్ని నెలలు. ఆ నెలల్లో రెక్క ఆడకపోతే డొక్క ఎలా ఆడుతుంది? మన ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారులకు 50 ఏళ్లకే పింఛను ఇస్తున్నారు. వాళ్ల ఒళ్లు అందరికంటే ముందే అరిగిపోతుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా. ఈ జబ్బు ఎక్కువగా పట్టుకునేది 40, 60 ఏళ్ల మధ్య. 45 ఏళ్ల మనిషికి చేయి లేవకపోతే అటు వేటా ఉండదు, ఇటు పింఛనూ రాదు.

ఆడవాళ్లకే ఈ జబ్బు ఎక్కువ. వాళ్ల సంగతి బయటికి రాదు. జడ వేసుకోవడానికి చేయి తల వెనక్కి పోదు, జాకెట్టు తొడుక్కోవాలంటే కూతురు పట్టుకోవాలి. ఇవి డాక్టరుకు చెప్పుకునే బాధలని వాళ్లు అనుకోరు. చేపల గంప తలకెత్తుకోలేకపోయిన రోజునే నోరు విప్పుతారు.

మన ప్రాంతంలో ఎముకకు ఏమైనా అయితే మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. విరిగిన చేయికి పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టే ఆ విద్య మీద జనానికి తరతరాల నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తీసిపారేయను. అయితే పట్టేసిన భుజంలో విరిగిందేమీ లేదు. కట్టు పని చేయిని కదలకుండా ఉంచడం. ఈ జబ్బుకు కావలసింది కదలిక. నొప్పిగా ఉందని మెడకు గుడ్డ కట్టి చేయిని అందులో వేలాడేసుకుని నెలల తరబడి తిరిగితే బిగుతు ఇంకా పెరుగుతుంది. అలాగని గట్టిగా మర్దన చేయించడం, మెలిపెట్టి లాగించడం కూడా తప్పే. నొప్పి ఎక్కువగా ఉన్న దశలో అది వాపును రేపుతుంది.

జబ్బును పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనపడదు కూడా. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని ముందుకు చాచి, మోచేయి కదలకుండా ముంజేతిని బయటి వైపుకు తిప్పమనండి. బాగున్న చేయి తిరిగినంత రెండోది తిరగదు. అప్పుడు మీరే ఆ చేయి పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. మీ చేతికి కూడా లొంగకపోతే ఫ్రోజెన్ షోల్డర్‌ను అనుమానించాలి. కండర స్నాయువు (టెండన్) తెగిన భుజమైతే తనంతట లేవకపోయినా ఇంకొకరు లేపితే సాధారణంగా లేస్తుంది.

ఈ పరీక్షకు ఒక్క నిమిషం పడుతుంది. 30 ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఊళ్లోనే బీపీ, షుగరు చూస్తున్నారు. 104 బండి ఊరికొస్తోంది. షుగరున్న వాళ్లకు కళ్లు, పాదాలు పరీక్ష చేయాలని అందరూ చెబుతున్నారు. ఆ వరసలో భుజాన్ని కూడా చేర్చమని అడుగుతున్నాను. రెండోవైపు నుంచీ ఇదే పని జరగాలి: భుజం పట్టేసిందని వచ్చిన ప్రతి ఒక్కరికీ షుగరు పరీక్ష చేయాలి. తనకు షుగరున్న సంగతి కొందరికి ఆ రోజే తెలుస్తుంది.

ఇక ఫిజియోథెరపీ. ఇరకం దీవిలో ఉండే మనిషి పడవెక్కి బీవీ పాళెం రేవు దిగి, అక్కడి నుంచి సూళ్లూరుపేటకు వారానికి మూడుసార్లు రమ్మంటే వస్తాడా? ప్రతిసారీ ఒక రోజు వేట పోతుంది. బల్ల మీదికి వంగి చేయిని వేలాడదీసి చిన్నగా ఊపడం, గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, వీపు వెనక తువ్వాలు పట్టి మెల్లగా లాగడం: ఈ మూడింటినీ విలేజ్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య సిబ్బంది ఒక పూటలో నేర్చుకుని ఊరికి నేర్పగలరు. నెలకోసారి 104 బండిలో ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెడితే, ఎవరికి ఎంత వదులైందో చూసి కసరత్తు మార్చి చెబుతారు.

ఇప్పటికే నొప్పితో ఉన్నవాళ్లకు రెండు మాటలు. నొప్పి తొలి నెలల్లో కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి ఉపశమనం ఇస్తుంది. అయితే షుగరున్న వాళ్లకు కొన్ని రోజులు షుగరు బాగా పెరుగుతుంది. కాబట్టి మీకు షుగరుందని ముందే చెప్పండి, ఆ వారం రోజూ పరీక్ష చేయించుకోండి, మందు మోతాదు మార్చాలేమో అడగండి. రెండోది, ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, గుండెల్లో బరువు ఉంటే అది భుజం జబ్బు అనుకుని కాపడం పెట్టుకుంటూ కూర్చోవద్దు. షుగరున్న వాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండానే వస్తుంది. ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి.