చేత్తో వేసిన బ్రేకర్లు

2015 డిసెంబరు 23. పశ్చిమ ఉక్రెయిన్‌లోని ఒక విద్యుత్ పంపిణీ సంస్థ కంట్రోల్ రూమ్‌లో, ఎవరూ మౌస్ ముట్టకుండానే తెర మీద బాణం గుర్తు కదిలింది. చూస్తుండగానే బ్రేకర్లు ఒక్కొక్కటిగా పడిపోయాయి. మరో రెండు సంస్థల మీదా అదే దాడి. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. అదీ గడ్డకట్టే చలికాలంలో. నెలల కిందట ఈమెయిల్‌లో వచ్చిన ఫైలును సిబ్బంది తెరవడమే హ్యాకర్లకు దారి ఇచ్చింది. జనం ఫిర్యాదు చేసుకునే వీలు లేకుండా కాల్‌సెంటర్‌ను కూడా ఉత్తుత్తి ఫోన్లతో ముంచెత్తారు. ఆ క్రూరత్వం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

కొన్ని గంటల్లోనే సరఫరా మళ్లీ వచ్చిందంటే, సిబ్బంది సబ్‌స్టేషన్లకు పరుగెత్తి చేత్తో బ్రేకర్లు వేయబట్టే.

ఇలాంటి దాడికి కంప్యూటరే అక్కర్లేదు కూడా. 2013లో కాలిఫోర్నియాలోని మెట్‌కాఫ్ సబ్‌స్టేషన్‌లో 17 ట్రాన్స్‌ఫార్మర్లను తుపాకీ కాల్పులతోనే పాడుచేశారు.

2019లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డిస్కంల కంప్యూటర్లకూ రాన్సమ్‌వేర్ సోకింది. అందుకే ఈ సంచికలో సబ్‌స్టేషన్ ఆపరేటర్లకూ లైన్‌మన్లకూ ఎక్కువ పేజీలు కేటాయించాం. ఆటోమేషన్ పేరుతో వాళ్ల పోస్టులు తగ్గించే ముందు, కంప్యూటర్ చేతులెత్తేసిన రోజు బ్రేకర్ ఎవరు వేస్తారో విద్యుత్ సంస్థలు చెప్పాలి.