గజేంద్రుడి పూర్వజన్మ

గజేంద్రమోక్షం ఎక్కడ చెప్పినా దాని వెంటే ఒక వివరణ వస్తుంది. ఏనుగు జీవుడు, మడుగు సంసారం, మొసలి కర్మబంధం. తప్పు లేదు. కానీ విని, తల ఊపి, లేచి వెళ్లిపోతాం. అర్థం తెలిసింది కనుక ఇక కథతో పని లేదనిపిస్తుంది. మా అభ్యంతరం అక్కడే. కథలోని వివరాలు మనల్ని నిలదీసేదాకా చదవాలి.

భాగవతం అష్టమ స్కంధం ఈ ఏనుగుకు ఒక గతం చెప్పింది. పూర్వజన్మలో అతడు ఇంద్రద్యుమ్నుడనే రాజు, గొప్ప విష్ణుభక్తుడు. మౌనవ్రతంతో హరిని ధ్యానిస్తుండగా అగస్త్యుడు వచ్చాడు. రాజు లేవలేదు, పలకరించలేదు. ఏనుగువై పుట్టమని ముని శపించాడు. కామమో లోభమో పడగొడితే మనకు ఆశ్చర్యం ఉండదు. ఇతణ్ణి పడగొట్టింది ధ్యానం, ఎదుటికొచ్చిన మనిషిని చూడనివ్వని ధ్యానం! సాధకులకు ఇంత సూటిగా తగిలే ఘట్టం పురాణాల్లో అరుదు. పూజ మధ్యలో ఉన్నామని గుమ్మంలో మనిషిని నిలబెట్టేసే వాళ్లంతా ఈ రాజుకు చుట్టాలే.

మొసలికీ కథ ఉంది. హూహూ అనే గంధర్వుడు జలక్రీడలో దేవలముని కాలు పట్టి లాగాడు. ముని శాపంతో కాళ్లు పట్టి లాగడమే బతుకైన జన్మ వచ్చిపడింది. సరదాకి చేసిన పని స్వభావమై కూర్చోవడం మనకు తెలియనిదా? మడుగులో దిగిన ఏనుగు కాలు మొసలి పట్టింది. పోరు సాగేకొద్దీ ఏనుగు డస్సింది, మొసలి బలిసింది. పోరాడుతున్నది నీళ్లలో మరి. వ్యసనంతో దాని చోటనే తలపడి ఓడిపోయినవారికి ఈ ఒక్క వివరం చాలు. చివరికి విష్ణుచక్రం మొసలిని తెగవేసినప్పుడు దానికీ శాపం తీరి, గంధర్వుడు లేచి నిలిచాడు. మనం లోపలి శత్రువని పేరు పెట్టుకున్నదానికి కూడా విముక్తి రాసి ఉందన్నమాట.

ఇలా లోపలికి చదివితే మనిషి లోకాన్ని వదిలేస్తాడని కొందరి భయం. కానీ కురుక్షేత్రం మనిషి గుండెలో జరిగే యుద్ధమని చదివినవాడు గాంధీ. ఆయన గుజరాతీ గీతానువాదం ‘అనాసక్తి యోగం’ 1930 మార్చి 12న వెలువడింది. అదే రోజు ఆయన సబర్మతి నుంచి దండికి నడక మొదలుపెట్టాడు.

ప్రవచనకారులకు మా విన్నపం ఒకటి. ఏనుగు మొరను ఎంతసేపు పాడినా వింటాం. ఆ రాజు లేవకుండా కూర్చున్న ఘట్టాన్ని మాత్రం చివర్లో రెండు ముక్కల్లో తేల్చేయకండి.