ఖాకీ విప్పినాక వచ్చే మాట

ఈమధ్య మన ఇండ్లలో ఫోను తెరిస్తే మాజీ పోలీసు అధికారుల రాజకీయ మాటలే ఎక్కువ. అన్నామలైగారి సంగతి మన పక్క అందరికీ తెలుసు. కర్ణాటకలో ఐపీఎస్ ఉద్యోగం 2019లో వదిలినాడు, 2020లో బీజేపీలో చేరినాడు, 2021లో తమిళనాడు పార్టీ అధ్యక్షుడైనాడు. ఎన్నికల్లో నిలబడినాడు కాబట్టి జనం ఓటుతోనే తీర్పు చెప్పినారు. పోటీకి రాకుండా వ్యాఖ్యలు రాసేవాళ్ళు ఇంకో రకం. వాళ్ళ మాటను తూచాల్సింది చదివే మనమే. అట్లాంటి ఒక తెలుగాయన గురించి ఈ నెల రాస్తున్నాను.

మన్నెం నాగేశ్వరరావుగారిది వరంగల్ పక్క మంగపేట. 1986 బ్యాచ్, ఒడిశా క్యాడర్. 2018 అక్టోబరులో సీబీఐలో పై అధికారులిద్దరు గొడవ పడితే, కేంద్రం ఇద్దరినీ సెలవుపై పంపి ఈయనకు తాత్కాలికంగా ఆ బాధ్యత ఇచ్చింది. ముజఫర్‌పూర్ బాలికల వసతిగృహం కేసు చూస్తున్న అధికారిని, వద్దని కోర్టు చెప్పినా బదిలీ చేసినందుకు 2019 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టు లక్ష రూపాయల జరిమానా వేసి, కోర్టు ముగిసేదాకా ఒక మూల కూర్చోమంది. ఆయన క్షమాపణ చెప్పుకున్నా కోర్టు ఒప్పుకోలేదు. 2020 జూలై 31న రిటైరయినాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు పోలీసు నోటికి తాళమే. సంఘం పెట్టుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని 1966 చట్టం. ఐపీఎస్‌లు రాజకీయాల్లో తలదూర్చకూడదని 1968 నియమాలు. మనకు మిల్లు గేటు ముందర నిలబడి కూలి చాలదని అరిచే హక్కు ఉంది, సంఘం ఉంది. వాళ్ళకు ఆ వీలు లేదు. కాబట్టి రిటైరయినాక మాట్లాడటం తప్పని నేననను. ఆయనా ఈ దేశ పౌరుడే.

ఆయన వాదంలో ముఖ్యమైనది గుళ్ళ సంగతి. హిందువుల గుళ్ళను మాత్రమే ప్రభుత్వం చేతిలో పెట్టుకుందనీ, రాజ్యాంగం 25 నుంచి 30 దాకా ఉన్న అధికరణాలు హిందువులకు సమానంగా అందడం లేదనీ ఆయన రాస్తాడు. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. గుడియాత్తం గంగమ్మ శిరస్సు తిరునాళ్ళకు పోయే మనకూ హుండీ డబ్బు ఎవరి లెక్కలో పోతుందో అడిగే హక్కు ఉంది. అయితే ఆ నియంత్రణ ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి కదా. 1920లలో ఆ చట్టం తెచ్చింది కాళహస్తి పక్క తెలుగాయన పానగల్ రాజాగారి ప్రభుత్వమే. గుడి మాన్యాలూ ఆదాయమూ కొందరి చేతుల్లో కరిగిపోతున్నాయన్నది అప్పటి ఫిర్యాదు. రెండు పక్కలా విని తేల్చుకోవాల్సిన విషయం ఇది.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. 2020 సెప్టెంబరు 11న స్వామి అగ్నివేశ్ చనిపోయినాడు. ఆయనా తెలుగువాడే, శ్రీకాకుళంలో పుట్టిన వేపా శ్యామరావు. కాషాయం కట్టి వెట్టి కూలీల కోసం బంధువా ముక్తి మోర్చా పెట్టినాడు. ఆ సంఘం రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషనుగా తీసుకొని 1983 డిసెంబరులో తీర్పిచ్చింది. బలవంతంగా పని చేయిస్తుంటే అది అడ్వాన్సుకు బదులు చేయించే వెట్టి అనే అనుకోవాలి, కాదని రుజువు చేయాల్సింది యజమానే అని. అడ్వాన్సు తీసుకొని మిల్లుకు పోయిన ఇంటివాళ్ళకు ఆ మాట విలువ చెప్పనక్కరలేదు. అట్లాంటి మనిషి పోయినరోజు నాగేశ్వరరావుగారు పీడ విరగడైంది అన్న అర్థం వచ్చేట్టు ట్విట్టర్‌లో రాసినాడు. అగ్నివేశ్ హిందువులకు వ్యతిరేకి అని ఆయన కోపం. పోలీసు అధికారుల సంస్థ అయిన ఇండియన్ పోలీస్ ఫౌండేషనే, ఇది వేసుకున్న యూనిఫారానికి మచ్చ అని తప్పుపట్టింది.

అగ్నివేశ్‌తో విభేదించేవాళ్ళు చాలామంది, విభేదించొచ్చు. కానీ ఏ పార్టీవాడు వచ్చినా ఫిర్యాదు ఒకేమాదిరి రాసుకోవాల్సిన ఉద్యోగం పోలీసుది. చనిపోయినవాడిపైన ఇంత కసి ఉన్న మనిషి ముందర, బతికున్నప్పుడు ఆ కూలీలు ఫిర్యాదుతో నిలబడి ఉంటే ఎట్లా ఉండేదో అని భయం వేస్తుంది. మాజీ అధికారి మాట మనల్ని తాకేది ఇక్కడే. ఆ మాట, రేపు స్టేషను మెట్లెక్కే మన పిల్లల నమ్మకాన్నీ కదిలిస్తుంది.

కాబట్టి ఫోనులో వచ్చే మాటపైన ‘మాజీ సీబీఐ డైరెక్టరు’ అని ఉంటే, ముందు ఆ మూడు పదాలూ చేత్తో మూసి మిగతాది చదవండి. పదవి లేకుండా కూడా ఆ మాట నిలబడితే ఆలోచించండి. నిలబడకపోతే పక్కింటికి పంపకండి.