విశ్రాంతియు సాధనయే

2016వ సంవత్సరము ఆగస్టు మాసమున రియో నగరమందు ఒలింపిక్ క్రీడలు జరిగినవి. స్త్రీల కుస్తీలో 48 కిలోల తరగతియందు హర్యానాకు చెందిన వినేశ్ ఫోగాట్, చైనా యువతి సున్ యనాన్‌తో తలపడెను. పెనుగులాటలో వినేశ్ మోకాలు మెలివడెను. ఆమె లేవలేకపోయెను. ఇరువదియొక్క యేండ్ల ఆ మల్లయోధురాలిని స్ట్రెచరుపై మోసికొని పోవలసివచ్చెను.

రెండేండ్లు గడచినవి. 2018లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఆమె 50 కిలోల తరగతియందు బరిలో దిగెను. తొలి పోటీలోనే అదే సున్ యనాన్‌ను ఓడించెను. తుదిపోటీలోను గెలిచి బంగారు పతకము నందెను. ఆసియా క్రీడల కుస్తీలో భారతస్త్రీ బంగారు పతకము పొందుట అదియే ప్రథమము.

ఈ కథ చెప్పువారు రియోలోని కన్నీటిని, జకార్తాలోని పతకమును చెప్పి ఊరకుందురు. నడుమనున్న దినములను తలచువారు అరుదు. కాని అసలైన కుస్తీ ఆ నడుమనే జరిగినది.

మోకాలిలో తొడయెముకను, క్రింది కాలియెముకను కలిపి పట్టియుంచు బంధనములు ముఖ్యమైనవి నాలుగు కలవు. వానిలో రెండు కీలు మధ్యమున కత్తెరవలె ఒకదానిపై నొకటి అడ్డముగా నుండును. పాదము నేలపై నాటుకొనియుండగా దేహము గిఱ్ఱున తిరిగినచో ముందరి బంధనము తెగిపోవచ్చును. అట్టియెడ వైద్యులు తరచుగా రోగి దేహమునుండియే నరమువంటి గట్టి పోగును తీసి, తెగినదాని స్థానమున అమర్తురు. ఆ క్రొత్త పోగు తొలినెలలలో బలహీనపడి, పిదప మెల్లమెల్లగా గట్టిపడును. వాపును నొప్పియు అంతకు ఎంతో ముందే తగ్గును. నొప్పి పోయినంత మాత్రమున గాయము మానినదని తలచుట గొప్ప పొరపాటు. అందుచేతనే ఇట్టి శస్త్రచికిత్స జరిగినవారు సుమారు 9 నెలలైనను పోటీలకు దూరముగా నుండవలెనని వైద్యులు చెప్పుదురు.

“వీరుడు నొప్పిని లెక్కచేయరాదు, సాధన మానినచో విద్య మరుగున పడును” అని కొంద రందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కదలక పడియున్నచో తొడకండరములు క్షీణించును. ఐనను విశ్రాంతి యనగా సోమరితనము కాదు. మొదట కాలు చాచుట, పిదప వంచుట, ఒంటికాలిపై నిలుచుట, నడచుట, పరుగెత్తుట, తుదకు పట్లు పట్టుట: ఇవి యన్నియు మెట్లు. ఒక మెట్టు దాటనిదే మరియొకదానిపై కాలు మోపరాదు. పదివేల మంది చప్పట్ల నడుమ పోరాడుట కంటె, చూచువా రెవ్వరును లేని గదిలో దినమునకు నూరుమారులు కాలు చాచుట కష్టము. ధైర్యమున కిదియే గట్టి పరీక్ష.

జూడో నేర్చువానికి గురువు మొదట నేర్పునది ఎదిరిని పడవేయుట కాదు. దెబ్బ తగులకుండ తాను పడుట. పడుటకే ఇంత శిక్షణ కావలసినప్పుడు, లేచుటకు అంతకుమించిన ఓర్పు కావలదా?

పాఠశాలలలో కబడ్డీ యాడు బాలబాలికలు కొందరు వాచిన మోకాలిని గురువునకు చెప్పక దాచుదురు. జట్టులో స్థానము పోవునని వారి భయము. తోడివారు పిరికివాడని నవ్వుదురని మరియొక భయము. ఒక్క ఆటకై దాచిన గాయము జీవితమంతయు వెంటాడవచ్చును. అట్టివానిని చూచి నవ్వుట తగదు. చేయిపట్టి వైద్యునికడకు తీసికొనిపోవుటయే స్నేహధర్మము. కప్పు గెలుచుట కంటె బాలుని కాలు నిలుపుట గొప్ప పని యని పెద్దలును గ్రహింపవలెను.

బరిలో దిగుటకు బలము చాలును. దిగరాని దినమున వెలుపల ఓర్పుతో నిలుచుటకు బలముతోడ వివేకమును కావలెను. ఆ రెండును గలవాడే నిజమైన యోధుడు.